“పూర్తి మూలపాఠం” అని అట్ట మీద వేసి, కథలోని చీలికనే తీసేశారు

కస్టమర్ కేర్, సంపాదక విభాగం వారికి,

విషయం: గోథిక్ (పాత ఇళ్ళు, చావు, భయం చుట్టూ తిరిగే) కథలు, కవితల మీద మీరు వేసిన తెలుగు వివరణ గైడ్‌లో కోతలు, తప్పులు. డబ్బు వాపసు, తప్పొప్పుల పట్టిక కోసం.

నమస్కారం.

నేను విజయనగరం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెబుతాను. మా క్లాసులో ఎక్కువమంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళు, ఇంగ్లిష్ మూలం పక్కనే తెలుగు వివరణ ఉంటే ధైర్యంగా చదువుతారు. అందుకని జూలైలో మీ వెబ్‌సైట్‌లో ఈ గైడ్ 24 కాపీలు తెప్పించాను. ఒక్కోటి 280 రూపాయలు, మొత్తం 6,720. సగం పిల్లలు వేసుకున్నారు, సగం నేను వేశాను. అట్ట మీద “పూర్తి మూలపాఠం, ప్రతి ప్రతీకకూ వివరణ” అని పెద్ద అక్షరాల్లో ఉంది కాబట్టే కొన్నాం. లోపల పాఠం పూర్తిగా లేదు, వివరణల్లో చాలా తప్పులున్నాయి. రెండుసార్లు మెయిల్ పెడితే రెండుసార్లూ “పది రోజుల రిటర్న్ గడువు దాటింది” అని ఒకే జవాబు. పుస్తకం చిరిగిందనో తడిసిందనో కాదు నా ఫిర్యాదు. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను, దయచేసి ఈ ఉత్తరం పుస్తకం తయారుచేసినవాళ్ళ చేతికి వెళ్ళాలి.

మొదటి కథ, అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పో 1839లో రాసిన ‘ది ఫాల్ ఆఫ్ ది హౌస్ ఆఫ్ అషర్’. కథ చెప్పే మనిషి గుర్రం మీద వచ్చి ఇంటి ముందు ఆగుతాడు. కిటికీలు ఖాళీ కళ్ళలా కనిపిస్తాయి. మనసు కుదుటపడుతుందేమోనని పక్కనున్న నల్లటి మడుగులోకి తొంగిచూస్తే అదే ఇల్లు తలకిందులుగా కనబడి ఇంకా భయపెడుతుంది. ఆ తర్వాత ఒక్క వాక్యం ఉంటుంది: పట్టిచూస్తే తప్ప కనబడని సన్నటి చీలిక కప్పు దగ్గర మొదలై, గోడ మీద వంకరటింకరగా దిగి, మడుగు నీళ్ళలో కలిసిపోయిందని. ఆ వాక్యం మీ పుస్తకంలో లేదు. పేజీలు అంటుకున్నాయేమోనని విడదీసి కూడా చూశాను. కథ మొదట్లో ఉన్న పేరాలన్నిటినీ కుదించి రెండు చేశారు, ఆ కుదింపులో చీలిక పోయింది. కథ చివరనేమో ముట్టుకోలేదు, నెత్తుటి రంగు నిండు చంద్రుడు ఆ చీలికలోంచే కనిపించడం, చూస్తుండగానే అది వెడల్పయి గోడలు విడిపోవడం, మడుగు ఇంటిని మింగేయడం, అన్నీ అలాగే ఉన్నాయి. “మేడమ్, అంత పెద్ద ఇల్లు ఉన్నట్టుండి ఎందుకు కూలింది, భూకంపమా?” అని ఒకమ్మాయి అడిగింది. తన చేతిలో ఉన్న పుస్తకం ప్రకారం ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆమెకు నా ఫోన్‌లో ఆ వాక్యం చూపించాల్సి వచ్చింది, చదివి కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత “అయితే మొదటి రోజే పడిపోవడం మొదలైందన్నమాట” అంది. ఆ మాట పిల్లలంతట పిల్లలు అనాలనే కదా మనం పాఠం చెప్పేది.

పేరు సంగతి కూడా చెప్పాలి. మీరు ‘అషర్ భవనం కూలుట’ అని అనువదించారు. చుట్టుపక్కల జనం ఇంటినీ వంశాన్నీ కలిపి ఒకే పేరుతో పిలుస్తారని పో కథలోనే రాశాడు. ఆ వంశం కొమ్మలు వెయ్యలేదు, తండ్రి తర్వాత కొడుకు, అదొక్కటే వరుస. చివరికి మిగిలింది కవలలైన అన్నాచెల్లెళ్ళిద్దరే. గోడలు కూలే రాత్రే ఆ ఇద్దరూ పోతారు. పెద్దింటి పిల్ల, ఇల్లు నిలబెట్టిన కొడుకు అని మనం రోజూ అంటూనే ఉంటాం, మన భాషలో ఇల్లంటే గోడలూ వంశమూ రెండూనూ. ‘అషర్ వారి ఇల్లు’ అంటే ఎంత బాగుండేది! భవనం అనేసరికి మనుషులు పోయి సున్నం, ఇటుక మిగిలాయి.

తర్వాత పోదే, 1842 నాటి ‘ది మాస్క్ ఆఫ్ ది రెడ్ డెత్’. ఊరంతా మహమ్మారి, రాకుమారుడు ప్రాస్పెరో వెయ్యిమంది స్నేహితులతో కోటలోపల తలుపులు బిగించుకుని విందు చేసుకుంటాడు. గదులు ఏడు. మీ పుస్తకంలో ఆరే ఉన్నాయి! ఎలా జరిగిందో పట్టుకోవడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. మూలంలో వరుస ఇది: నీలం, పర్పుల్, ఆకుపచ్చ, నారింజ, తెలుపు, వయొలెట్, నలుపు. మీ అనువాదకులు పర్పుల్‌కీ వయొలెట్‌కీ ఊదా అనే రాసినట్టున్నారు, తర్వాత ఎవరో ఊదా రెండుసార్లు వచ్చిందని ఒకటి కొట్టేశారు. వయొలెట్‌కి వంగపండు రంగు అని రాసుంటే ఈ గొడవే లేదు. ఇప్పుడు వెనక బిట్లలో “గదులు ఎన్ని? జవాబు: 6” అని ఉంది. పరీక్షలో అదే రాస్తే మార్కు పోయేది మీకు కాదు.

లెక్క ఒక్కటే కాదు. నీలం గది తూర్పు చివర, నల్ల గది పడమటి చివర. పొద్దు పొడిచే వైపు నుంచి గుంకే వైపుకు ఒక బతుకు నడిచినట్టు చాలామంది చదువుతారు. విందులోకి చొరబడిన ముసుగు మనిషి వెంట రాకుమారుడు కత్తి దూసి పరుగెత్తేదీ ఆ దారినే, పడిపోయేది చివర్లోనే. మీ పుస్తకంలో తూర్పూ లేదు, పడమరా లేదు. మిగతా ఆరు గదుల్లో అద్దాల రంగు గది రంగుతో కలుస్తుంది, నల్ల గదికి మాత్రం నెత్తుటి ఎరుపు అద్దాలు. మీరు “నల్లని అద్దాలు” అని వేశారు. ఇక నల్లచేవ గడియారం, గంట కొట్టినప్పుడల్లా వాద్యాలు ఆగిపోతాయి, నాట్యం చేసేవాళ్ళు బిగుసుకుపోయి, మోత ఆగాక ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని నవ్వేస్తారు. ఆ నవ్వులో ఎంత భయం ఉందో! ఆ పేరా మొత్తం తీసేసి, పట్టికలో “గడియారం = కాలం” అని ఒక ముక్క పెట్టారు.

ఇదీ నా అసలు గొడవ. ప్రతీక ఉండేది వాక్యంలో. ఆ వాక్యాన్ని కోసేసి పట్టికను అమ్ముతున్నారు. పట్టిక బట్టీపట్టిన పిల్లవాడికి ఎరుపంటే రక్తం, నలుపంటే చావు, అంతే, కథ చదివాక కూడా అంతే.

పో కవిత ‘ది రేవన్’ దగ్గర నాకు నిజంగా బాధేసింది. చనిపోయిన ప్రేయసి లెనోర్‌ను తలుచుకుంటూ కూర్చున్న ఒక మనిషి గదిలోకి రాత్రిపూట ఒక రేవన్, అంటే పెద్ద నల్ల కాకి, వస్తుంది. 18 చరణాల కవితలో 11 వేశారు, అది సరే, అదీ ఫిర్యాదులో భాగమే. కానీ వివరణలో “కాకి పితృదేవతలకు ప్రతీక, లెనోర్ ఆత్మ కాకి రూపంలో వచ్చింది” అని రాశారు. మా నాన్నగారి కర్మ రోజున కాకి పిండం ముట్టేదాకా అమ్మ మంచినీళ్ళు కూడా తాగలేదు, కాబట్టి ఆ పోలిక ఎందుకు తోచిందో నాకు తెలుసు. తోస్తే తేడా చెప్పండి. మన కాకి వస్తుంది, ముడుతుంది, ఎగిరిపోతుంది, పోయినవాళ్ళు తృప్తిపడ్డారని ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. ఆ కవితలో పక్షి తలుపు పైనున్న పల్లాస్ దేవత బొమ్మ మీద కూర్చుని ఇక కదలదు. దానికి వచ్చింది ఒక్కటే మాట, “నెవర్‌మోర్”, ఇంకెప్పుడూ లేదని. అది తెలిసీ ఆ మనిషి, ఆ మాట ఎక్కడ తగిలితే ఎక్కువ నొప్పో అక్కడ తగిలేలా ప్రశ్నలు వేసుకుంటూ పోతాడు. పో 1846లో ఒక వ్యాసంలో తనే చెప్పాడు, ముందు చిలక అనుకున్నానని, ఆ పక్షి తీరని జ్ఞాపకానికి గుర్తు అని చివరి చరణంలో గానీ తెలియనివ్వలేదని. ఆ చివరి చరణమే మీరు వెయ్యలేదు. పైగా “భార్య చనిపోయిన దుఃఖంలో రాసిన కవిత” అట! కవిత అచ్చయింది 1845 జనవరిలో, పో భార్య వర్జీనియా పోయింది 1847 జనవరి 30న. కవిత అచ్చయ్యేనాటికి ఆమె క్షయతో బాధపడుతున్న మాట నిజం, కానీ బతికే ఉంది.

పో రాసిన ‘ది టెల్-టేల్ హార్ట్’ గురించి రెండు ముక్కలు. కథ చెప్పేవాడు ఒక ముసలాయన్ని చంపి శవాన్ని గది నేల కింద దాస్తాడు, తర్వాత ఒక గుండె చప్పుడు వినబడుతోందంటాడు. దూదిలో చుట్టిన గడియారం చప్పుడు అనే పోలిక అందులో రెండుసార్లు వస్తుంది, ముసలాయన బతికుండగా ఒకసారి, పోలీసులు వచ్చి కూర్చున్నాక ఒకసారి. రెండోది తీసేశారు. ఆ గుండె ఎవరిదన్న చర్చకు ఆధారమే లేకుండా పోయింది.

చివరిది, షార్లట్ పెర్కిన్స్ గిల్మన్ అనే అమెరికన్ రచయిత్రి రాయగా 1892లో అచ్చయిన కథ ‘ది యెల్లో వాల్‌పేపర్’. మీ పట్టికలో “పసుపు = శుభం, ఇక్కడ అశుభంగా మారింది; గోడలో దెయ్యం” అని ఉంది. దెయ్యం ఎక్కడిదండీ? బిడ్డ పుట్టిన తర్వాత మనసు బాగాలేని ఒక ఆవిడను డాక్టరైన భర్త మేడమీది గదిలో పెడతాడు, ఏమీ రాయొద్దంటాడు. ఆ గది కిటికీలకు ఊచలు, మంచం నేలకు మేకులు కొట్టి బిగించి ఉంటుంది. గోడ కాగితం డిజైన్ వెనక ఒక ఆడమనిషి వంగి పాకుతున్నట్టు ఆమెకు కనిపిస్తుంది. రచయిత్రికి కూడా ఒక పెద్ద డాక్టరు విశ్రాంతి వైద్యం చేసి, బతికున్నంతకాలం కలం ముట్టొద్దన్నాడు, ఆ సంగతి 1913లో ఆమే రాసింది. ఇది చెప్పిన రోజు మా క్లాసులో పెళ్ళయి, చంటిపిల్లను తల్లి దగ్గర వదిలి కాలేజీకి వస్తున్న అమ్మాయి గంట కొట్టాక కూడా లేవలేదు. “నాకూ అలాగే ఉండేది మేడమ్, దిష్టి తగిలిందన్నారు” అంది. ఆ అమ్మాయి చేతిలో ఉన్న పుస్తకం గోడలో ఉన్నది దెయ్యం అంటోంది. దీనికి మీరేం జవాబు చెబుతారు?

నేను అడిగేవి ఎక్కువేం కావు. 24 కాపీలకు డబ్బు వాపసు ఇవ్వండి, పుస్తకాలు మీ ఖర్చుతో తీసుకెళ్ళండి. కొన్నవాళ్ళందరికీ తప్పొప్పుల పట్టిక పంపండి, వెబ్‌సైట్‌లోనూ పెట్టండి, ముఖ్యంగా గదుల సంఖ్య, వర్జీనియా తేదీ. పూర్తి పాఠంతో మళ్ళీ ముద్రించేదాకా అట్ట మీద “సంక్షిప్తం” అని స్టిక్కర్ వెయ్యండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేసి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను. పిల్లలు కూడా సంతకాలు పెడతామన్నారు.

బిల్లు, తప్పులున్న పేజీల ఫొటోలు, మూలంలోని ఆయా పేరాలు జత చేశాను. చీలిక వాక్యాన్ని ఎర్ర సిరాతో గీసి పెట్టాను. తొందరగా తేల్చండి, వచ్చే నెల మొదటి వారంలో ఇంటర్నల్స్ ఉన్నాయి, ఆ లోపు పిల్లలకు సరైన పాఠం జెరాక్స్ తీసి ఇవ్వాలి.

ఇట్లు,
మీ గైడ్ కొన్న ఒక ఇంగ్లిష్ లెక్చరర్