మధుమేహ ట్రయల్స్: అంగీకార పత్రాన్ని ఇంటికి ఇచ్చి పంపాలి

సంపాదకులకు నమస్కారాలు.

మన దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉన్నట్లు భారత వైద్య పరిశోధన మండలి మద్దతుతో జరిగిన సర్వే 2023లో వెల్లడించింది. ఇంతమంది రోజూ మందులు మింగుతున్నా, ఆ మందులను పరీక్షించే క్లినికల్ ట్రయల్‌లో చేరతారా అని డాక్టరు అడిగితే మాత్రం ఎక్కువమంది నోట ముందు వచ్చేది "మా మీద ప్రయోగాలు చేస్తారా?" అన్న మాటే. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. 2009లో ఖమ్మం జిల్లాలో ఒక పరిశోధనలో భాగంగా గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతి, మరుసటి ఏడాది కేంద్రం ఆ కార్యక్రమాన్ని నిలిపివేసిన సంగతి తెలుగువారికి గుర్తే. అయినా షుగరు ఉన్నవారు ఈ పరిశోధనల్లో పాల్గొనాలనే నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఎందుకు పాల్గొనాలో చెప్పడానికి చెన్నై ఉదాహరణ చాలు. మధుమేహం అంచున ఉన్నవారికి అమెరికాలో మెట్‌ఫార్మిన్ అనే షుగరు మందును 850 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు ఇచ్చి పరీక్షించారు. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం అలాంటి స్థితిలోనే ఉన్న 531 మందితో చేపట్టిన అధ్యయనంలో 500 చొప్పున ఇచ్చినప్పుడు కొందరిలో చక్కెర పడిపోతున్న లక్షణాలు కనిపించడంతో మోతాదును 250కి తగ్గించారు. ఆ కొద్దిపాటి మోతాదుతోనే మధుమేహం వచ్చే ముప్పు నాలుగో వంతుకు పైగా తగ్గిందనీ, మందు లేకుండా నడక, ఆహార నియమాలు పాటించినవారికీ ఇంచుమించు అంతే మేలు జరిగిందనీ 2006లో ప్రచురించారు. ఆ 531 మంది ముందుకు రాకపోతే, మనవాళ్లకు ఎంత మందు సరిపోతుందో అమెరికా లెక్కలు చూసి ఊహించుకోవలసి వచ్చేది.

రోగులను ఇందులో చేర్చుకునే తీరు మాత్రం మారాలి. మా దగ్గరి బంధువు ఒకాయన పరగడుపున రక్తమిచ్చి, టిఫిన్ తిని రెండు గంటలకు మళ్లీ ఇవ్వాల్సి ఉండగా, ఆ మధ్యలోనే వరండాలో ఆయన చేతికి పత్రాల కట్ట ఇచ్చి చివరి పేజీలో సంతకం పెట్టమన్నారు. కళ్లద్దాలు ఇంట్లోనే ఉండిపోయాయి, పక్కన ఇంటివాళ్లెవరూ లేరు. డాక్టరుగారికి కోపం వస్తుందేమోనన్న మొహమాటంతో ఆయన సంతకం పెట్టేశారు. దాన్ని అంగీకారం అనడానికి నాకు మనసొప్పదు.

2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం రోగికి అర్థమయ్యే భాషలో అన్నీ వివరించాలి, అంగీకార పత్రం ప్రతిని అతనికి ఇవ్వాలి, చదవలేనివారి విషయంలో నిష్పక్షపాతి అయిన సాక్షి దగ్గర ఉండాలి. ట్రయల్ వల్ల హాని కలిగితే ఉచితంగా వైద్యం చేయించాలి, పరిహారం చెల్లించాలి. ఎప్పుడైనా సరే తప్పుకునే హక్కు రోగికి ఉంది, తప్పుకున్నంత మాత్రాన మామూలు వైద్యానికి లోటు రాకూడదు. నియమాలు బాగానే ఉన్నాయి. ఆ పత్రాన్ని చదివి అర్థం చేసుకునేంత వ్యవధి మాత్రం రోగికి దొరకడం లేదు.

కాబట్టి ట్రయల్స్ నిర్వహించే ఆసుపత్రులకు నా విన్నపం ఒక్కటే. రక్తపరీక్షకు వచ్చిన రోజున సంతకం అడగకండి. పత్రాన్ని ఇంటికి ఇచ్చి పంపి, తర్వాతి సారి ఇంట్లోవాళ్లతో కలిసి రమ్మనండి. ఇప్పుడు వాడుతున్న మాత్రలు ఆపాలా, పోలిక కోసం మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చే గుంపులో పడితే చక్కెరను ఎవరు గమనిస్తారు, అర్ధరాత్రి చక్కెర పడిపోతే ఏ నంబరుకు ఫోన్ చేయాలి, ట్రయల్ ముగిశాక ఆ మందు దొరుకుతుందా అన్న ప్రశ్నలు ఇంట్లో నలుగురూ కూర్చున్నప్పుడే పుడతాయి. చేరదలచినవారు కూడా ఇంటర్నెట్‌లో ఉండే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ఆ ట్రయల్ నమోదైందో లేదో పిల్లల చేత చూపించుకోవాలి. ట్రయల్‌లో రోగుల హక్కులు, భద్రతను చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు పత్రంలో ఉంటుంది, దాన్ని విడిగా రాసి పెట్టుకోవాలి.

ప్రతి ఎథిక్స్ కమిటీలోనూ వైద్యంతో సంబంధం లేని సామాన్య సభ్యుడొకరు ఉండాలన్నది నియమమే. తెలుగు పత్రాన్ని ఆమోదించే ముందు ఆ సభ్యుడు దాన్ని మొదటి నుంచి చివరి దాకా పైకి చదివి, తనకు అర్థం కాని ప్రతి వాక్యాన్నీ తిరగరాయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
గుంటూరు.