‘పరిష్కరించగలరు’ అంటే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

వానలు పడగానే రైల్వే అండర్‌పాస్‌లలో నీళ్లు నిలవడం, ఊరివాళ్లు ఎంపీకో ఎమ్మెల్యేకో వినతిపత్రం ఇవ్వడం, ఆ ఫొటో జిల్లా పేజీలో రావడం ఏటా జరుగుతోంది. బ్రాడ్‌గేజ్ లైన్లలో కాపలా లేని గేట్లన్నీ 2019 జనవరికల్లా ఎత్తేశారు. చాలాచోట్ల వాటి బదులు ఈ అండర్‌పాస్‌లే వచ్చాయి. అందులో నీళ్లుంటే ఊరికి దారి లేనట్టే. అయినా అర్జీలు కదలవు. నాయకుల అశ్రద్ధ ఎంతుందో, మనం రాసే తీరులో లోపమూ అంతే ఉంది.

‘సమస్యను పరిష్కరించగలరు’ అని ముగించిన అర్జీ మీద పీఏ ‘తగు చర్యకై’ అని రాసి పంపేస్తారు. అంతకుమించి రాయడానికి అందులో ఏమీ ఉండదు.

పట్టాల కింది కట్టడం రైల్వేది. రైల్వే హద్దు దాటాక రోడ్డు పంచాయతీరాజ్‌దో, ఆర్‌అండ్‌బీదో. కాబట్టి రైల్వే పని ఎంపీకి, రోడ్డు పక్క కాలువ పని ఎమ్మెల్యేకి, విడివిడిగా రాయాలి. రెండూ ఒకే కాగితంలో పెడితే శాఖలు ఒకదాని మీద ఒకటి నెట్టుకుంటాయి. వీధి దీపాలు, రేషన్ కార్డులు అందులోకి తేవద్దు.

చోటు చెప్పడంలోనే చాలా అర్జీలు దెబ్బతింటాయి. ‘మా ఊరి దగ్గరి బ్రిడ్జి’ అంటే రైల్వే ఇంజనీరుకు అర్థం కాదు. కరెంటు లైను ఉన్నచోట పట్టాల పక్క స్తంభాల మీద కిలోమీటరు అంకె, దాని కింద స్తంభం వరుస అంకె రాసి ఉంటాయి. రోడ్డు మీద నిలబడే చదివి, అండర్‌పాస్‌కు దగ్గరున్న స్తంభం అంకెలు రాసుకోండి. ‘మోకాలి లోతు’ అనకండి. గోడకు స్కేలు ఆనించి కొలిచి ఎన్ని అడుగులో, ఏ తేదీన, ఎన్ని రోజులు దారి మూసుకుపోయిందో, బడి బస్సు ఎన్ని కిలోమీటర్లు చుట్టు తిరిగిందో రాయండి. రెండు ఫొటోలు చాలు, ఒకదానిలో ఆ స్తంభం కనపడాలి.

అడిగేది ఒక్క వాక్యం: ‘నీరు తోడే పంపు ఎందుకు నడవడం లేదో, నీరు పోయే కాలువ ఎప్పటికి పూర్తిచేస్తారో రాతపూర్వకంగా చెప్పమని డీఆర్‌ఎం (డివిజనల్ రైల్వే మేనేజర్)కు లేఖ రాయండి’. ఇది ఎంపీ ఒక్క సంతకంతో చేయగల పని. లోక్‌సభలో ప్రశ్న వేయమనీ అడగొచ్చు. దానికి కనీసం 15 రోజుల ముందు నోటీసు కావాలి కాబట్టి సమావేశాలు మొదలయ్యాక అడిగితే ఆలస్యమే. ఎంపీ నిధులంటారా, ఏడాదికి 5 కోట్లు, అదీ నియోజకవర్గం మొత్తానికి. ఆయన సిఫారసు మాత్రమే చేస్తారు, మంజూరు జిల్లా యంత్రాంగానిది. ఆ నిధుల్లో కనీసం 15 శాతాన్ని ఎస్సీ జనాభా ఉన్న ప్రాంతాలకు సిఫారసు చేయాలి. మీది అలాంటి ఊరైతే ఆ మాట తప్పక రాయండి.

విషయం ఒక్క పేజీ దాటకూడదు. రెండొందల సంతకాలున్నా అవి వెనక పేజీల్లో ఉండాలి. ముందు పేజీలో ఒక మనిషి పేరు, ఫోను నంబరు చాలు. అది లేక ఆఫీసువాళ్లు తిరిగి అడగలేకపోయిన అర్జీలు ఎన్నో. క్యాంపు ఆఫీసులో ఇస్తే మీ కాపీ మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. లేదంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

నెల గడిచినా కబురు లేకపోతే పాత తేదీ చెబుతూ మళ్లీ రాయండి. ఎంపీ లేఖ రాశారని తెలిస్తే, దాని మీద ఏం చర్య తీసుకున్నారో డీఆర్‌ఎం కార్యాలయాన్ని సమాచార హక్కు చట్టం కింద అడగండి. రుసుము 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, జనగామ జిల్లా