మన సంఘం వార్షిక నివేదిక, 2024–25 (రాయగడ, ఒడిశా)

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, కార్తీక వనభోజనాలు, పిల్లల తెలుగు తరగతి ఎప్పటిలాగే జరిగాయి. బియ్యం, బెల్లం ఇచ్చినవారికి, అద్దె తీసుకోకుండా హాలు ఇచ్చిన పెద్దలకు, వంట చూసుకున్న ఆడపడుచులకు పేరుపేరునా కృతజ్ఞతలు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది మాఘమాసంలో జరిపిన ప్రోస్టేట్ (మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి) అవగాహన సభ. రాత్రి మూత్రానికి నాలుగుసార్లు లేస్తున్నా ఇంట్లో చెప్పుకోని మగవాళ్లు మన వీధుల్లోనే ఉన్నారు. విజయనగరం నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చిన డాక్టరుగారు ఛార్జీలు కూడా పుచ్చుకోలేదు. వయసుతో గ్రంథి పెరగడం వేరు, క్యాన్సర్ వేరని, రెండింట్లోనూ రక్తంలో పీఎస్ఏ (ఆ గ్రంథిలో తయారయ్యే ఒక ప్రోటీన్) పెరగవచ్చని, ఆ ఒక్క అంకె చూసి భయపడవద్దని విడమరచి చెప్పారు.

తండ్రికో అన్నదమ్ములకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే మనకు వచ్చే అవకాశం సుమారు రెట్టింపట. దీనికి సంబంధించి 450కి పైగా జన్యు తేడాలను గుర్తించారు. ఒక్కొక్కదాని ప్రభావం చాలా తక్కువ, చాలా పోగుపడితేనే లెక్క. బీఆర్‌సీఏ2 అనే జన్యువులో లోపం మాత్రం ఒక్కటే ప్రమాదాన్ని బాగా పెంచుతుంది. అది తల్లి వైపు నుంచీ రావచ్చు. ఈ మాట వినగానే హాలంతా నిశ్శబ్దమైపోయింది. అప్పటిదాకా అందరం ఇంటిపేరు వాళ్లనే లెక్కపెట్టుకుంటున్నాం. పార్వతీపురంలోనో పాలకొండలోనో ఉన్న మేనమామను, రొమ్ము క్యాన్సర్‌తో పోయిన పెద్దమ్మను ఎవరూ తలచుకోలేదు. అదే జన్యులోపం వల్ల రావచ్చు కాబట్టి ఆడవాళ్ల రొమ్ము, అండాశయ క్యాన్సర్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఇలాంటి పరిశోధనలు ఎక్కువగా యూరప్ సంతతివారి మీదే జరిగాయి కాబట్టి, మన కుటుంబాల సంగతి మనమే రాసి పెట్టుకోవడం ఇంకా అవసరం.

ఒక బాధ కూడా చెప్పాలి. పన్నెండుమంది కార్యకర్తలు పేర్లిచ్చారు, సభ రోజు కుర్చీలు వేయడానికి వచ్చింది ముగ్గురు. పరీక్షల శిబిరం కోసం అధికారులకు అర్జీ పెడితే ఒడియాలో రాసి తెమ్మన్నారు. రాయించి ఇచ్చాం, రెండుసార్లు వెళ్లి అడిగాం, జవాబు లేదు. మనవాళ్లు పీఎస్ఏ కోసం విశాఖ దాకా వెళ్లి వస్తున్నారు.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. నిల్వ కొద్దిగానే ఉంది, చందా బాకీలు చాలా ఉన్నాయి.

సభలో పంచిన కుటుంబ వివరాల కాగితాలు సగానికి పైగా తిరిగి రాలేదు. తల్లి వైపు గడులు ఇంట్లో ఆడవాళ్లను అడిగి నింపి, వచ్చే ఆదివారంలోగా నాకు ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి