పార్కు నిర్వహణ సంస్థకు ఫిర్యాదు: ఫీజు కట్టించుకున్నారు, కబురు మాత్రం చెప్పలేదు

మున్సిపల్ పార్కు, ఈతకొలను నిర్వహణ కాంట్రాక్టు తీసుకున్న సంస్థ మేనేజర్ గారికి,
ప్రతి: మున్సిపల్ కమిషనర్ గారికి

విషయం: వేసవి ఈత శిక్షణ చెప్పా పెట్టకుండా ఆపేయడం, పిల్లల ఆటస్థలం తగ్గించేయడం, ఫీజు వాపసు గురించి

అయ్యా,

మీరు నడుపుతున్న వేసవి ఈత శిక్షణలో మా పిల్లలిద్దరినీ ఈ 2025 ఏప్రిల్‌లో చేర్పించాను. ఒక్కొక్కరికి 2,500 చొప్పున 5,000 రూపాయలు యూపీఐలో కట్టాను. రసీదు అడిగితే, "ఫోన్‌కి మెసేజ్ వచ్చింది కదమ్మా, అదే రసీదు" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. మే నెల మొదట్లోనే శిక్షణ ఆగిపోయింది. ఆ సంగతి ఒక్క ఫోన్ చేసి గానీ, మెసేజ్ పెట్టి గానీ ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే టవళ్లు పట్టుకుని పిల్లలతో వెళ్తే గేటుకు తాళం ఉంది.

మోటారు కాలిపోవడం, ఫిల్టరు పాడవడం ఎక్కడైనా జరిగేదే. దానికి నేను ఈ ఉత్తరం రాయడం లేదు. వాచ్‌మన్‌ని అడిగితే రేపు రమ్మన్నాడు. మీ సూపర్‌వైజర్ మున్సిపల్ ఆఫీసులో కనుక్కోమన్నారు. ఆఫీసుకు వెళ్తే అదంతా ఏజెన్సీ చూసుకుంటుందన్నారు. ఇలా తిప్పుతున్న రోజుల్లోనే "అడ్మిషన్లు జరుగుతున్నాయి, త్వరపడండి" అంటూ మీ పోస్టరు కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. మా వీధిలో ఒకావిడ ఆ పోస్టరు చూసి, తాళం వేసిన కొలనుకు డబ్బు కట్టేసింది. ఫీజు తీసుకోవడానికి పనిచేసిన ఫోన్ నంబరు, శిక్షణ ఆగిందని చెప్పడానికి ఎందుకు పనిచేయలేదో మీరు జవాబు చెప్పాలి.

ఇది సరదా కోసం పెట్టిన ఖర్చు కాదు. మాది గోదావరి డెల్టా. ఇంటి ముందు కాలువ, ఊరి చివర చెరువు, సెలవులకు చుట్టాలింటికి వెళ్తే గోదారి. ఈత రాని పిల్లల్ని నీళ్ల దగ్గరికి పంపాలంటే ఏ తల్లికైనా గుండె దడే. మా నాన్న తరం కాలువలోనే ఈత నేర్చుకుంది. ఇప్పుడు ఆ కాలువలో మురుగు కలుస్తోంది, పైగా వేసవిలో మరమ్మతులకని నీళ్లు కట్టేస్తారు. ఈ 2025లో స్కూలు సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకే. మా పిల్లలకు ఒక పద్ధతిగా, భయం లేకుండా ఈత నేర్పడానికి ఉన్న సమయం అంతే. అందులో మీరు ఎన్ని రోజులు తాళం వేశారో రిజిస్టరు తీసి చూసుకోండి.

కొలను నడిచిన రోజుల సంగతి కూడా చెప్పాలి. చిన్నపిల్లలు దిగే లోతు తక్కువ వైపు, రెండో మెట్టు దగ్గర టైలు పగిలి అంచు కత్తిలా లేచి ఉంది. మా చిన్నవాడి బొటనవేలు అక్కడే తెగింది. కట్టు కట్టడానికి ఫస్ట్ ఎయిడ్ పెట్టె అడిగితే బీరువా తాళం మేనేజర్ దగ్గర ఉందన్నారు. సాయంత్రం బ్యాచ్‌కి నీళ్లు మసగ్గా ఉండి అడుగు కనిపించేది కాదు. మునిగిన పిల్ల గట్టు మీద నుంచి కనిపించకపోతే లైఫ్‌గార్డు ఉండి ఏం లాభం? మీ దగ్గర ఆ లైఫ్‌గార్డు కూడా కోచ్ ఒక్కరే. కళ్లు మండుతున్నాయని పిల్లలు చెబితే, వాసన వస్తోందంటే క్లోరిన్ మందు బాగా కలిపినట్టేనని మీవాళ్లు నచ్చజెప్పారు. అది నిజం కాదు. చెమట, మూత్రం లాంటివాటితో క్లోరిన్ కలిసినప్పుడే ఆ ఘాటు వాసన, ఆ మంట వస్తాయి. ఈతకొలను నీళ్ల నాణ్యతకు ఐఎస్ 3328 అని భారతీయ ప్రమాణమే ఉంది. రోజూ క్లోరిన్, పీహెచ్ (నీళ్లలో ఆమ్ల, క్షార గుణం ఎంతో చెప్పే అంకె) కొలిచి ఆ అంకెలు గేటు దగ్గర బోర్డు మీద రాయడానికి ఒక సుద్దముక్క చాలు.

ఇక పార్కు. పట్టణాల సౌకర్యాల కోసం కేంద్రం తెచ్చిన అమృత్ పథకం కింద దీన్ని బాగుచేసినప్పుడు మేమందరం సంతోషించాం. 2015లో మొదలైన ఆ పథకంలో పార్కులకు, అందులోనూ పిల్లలకు అనువైన ఏర్పాట్లకు ప్రత్యేకంగా వాటా పెట్టారు. ఇప్పుడు ఇసుక గుంట ఉన్నచోట మూడు తినుబండారాల స్టాళ్లు ఉన్నాయి. గ్యాస్ సిలిండర్లు ఉయ్యాలల పక్కనే. మిగిలిన ఒక్క జారుడుబల్ల కింద ఊడిన బోల్టు స్థానంలో బైండింగ్ వైరు చుట్టారు. స్టాళ్ల అద్దె మీకు వస్తుంది, ఆటస్థలం మాత్రం మా పిల్లలకు పోయింది. పార్కులు, ఆటస్థలాలు కల్పించడం మున్సిపాలిటీ బాధ్యతల్లో ఒకటని రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్లోనే ఉంది. నిర్వహణ మీ చేతికి ఇచ్చినంత మాత్రాన ఆ స్థలం మీ సొంతం కాదు. ఈ మార్పు చేసే ముందు వార్డులో ఎవరినైనా అడిగారా? కమిషనర్ గారిని కూడా ఇదే అడుగుతున్నాను.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం, కావాలని సమాచారం దాచిపెట్టడం కూడా సేవా లోపమే. బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. కాబట్టి నేను అడిగేవి ఇవి. జరగని శిక్షణకు కట్టిన ఫీజు నాకే కాదు, చేరిన పిల్లలందరి తల్లిదండ్రులకూ వాపసు ఇవ్వాలి, రసీదులు కూడా ఇవ్వాలి. కొలను ఎందుకు ఆగింది, ఎప్పుడు తెరుస్తారు అన్నది తేదీతో, సంతకంతో తెలుగులో రాసి గేటుకు అంటించాలి. అదే నోటీసు గ్రూపుల్లో కూడా పెట్టాలి. అప్పటిదాకా కొత్త అడ్మిషన్లు ఆపాలి. పగిలిన టైలు మార్చి, కోచ్ కాకుండా వేరే లైఫ్‌గార్డుని పెట్టాకే పిల్లల్ని నీళ్లలోకి దించాలి. స్టాళ్లను ఆటస్థలం నుంచి తీసేయాలి. జారుడుబల్ల బోల్టు బిగించడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు, అది రేపే చేయించండి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఈ మొత్తానికి అక్కడ ఫీజు లేదు, లాయరును పెట్టుకోవాలన్న నిబంధనా లేదు. యూపీఐ చెల్లింపు వివరాలు, తాళం వేసిన గేటు, పగిలిన టైలు, వైరు చుట్టిన జారుడుబల్ల ఫొటోలు దీనితో జతచేస్తున్నాను.

ఇట్లు,
శిక్షణలో చేరిన ఇద్దరు పిల్లల తల్లి