ఆధార్ ఇవ్వకపోతే ఓటు తీసేస్తారా? ఓటరు నమోదు అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం. అర్జీలిచ్చినా జవాబు రాలేదు, అందుకే నలుగురి ముందు అడుగుతున్నాను.

చిత్తూరు పక్కన మా ఊళ్లో ఆధార్ నంబరు ఇవ్వకుంటే ఓటు పోతుందని ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. కేంద్రం 2021లో ఎన్నికల చట్టానికి చేసిన సవరణలో అలా లేదండీ, సరైన కారణంతో నంబరు ఇవ్వలేకపోతే పేరు తీయకూడదనే ఉంది; ఆధార్ తప్పనిసరి కాదని ఎన్నికల సంఘమే 2023లో సుప్రీంకోర్టుకు చెప్పింది. (మీ సిబ్బందికి ఈ మాట ఎవరైనా చెప్పారా?)

చింతపండు కొట్టీ కొట్టీ వేలిముద్రలు అరిగిపోయిన మా అవ్వకు రేషన్ మిషన్ దగ్గరే తిప్పలు, ఇప్పుడు ఓటు టెన్షన్ కూడా. పాత ఓటరు కార్డు కొంగున కట్టుకుని కనిపించినవాళ్లకల్లా చూపిస్తోంది.

ఆధార్ తప్పనిసరి కాదని ప్రతి పోలింగ్ కేంద్రం గోడకు తెలుగులో నోటీసు అంటించండి. చెప్పకుండా తీసేసిన పేర్లుంటే విచారించి తిరిగి చేర్చండి. జవాబు మాత్రం రాతపూర్వకంగా ఇవ్వండి.