మేడ మీది గది తాళం తీయించండి

చెన్నైలోని మా పేట గ్రంథాలయ అధికారి గారికి,

నమస్కారం. మూడు వినతిపత్రాలకు జవాబు రానందున ఈ లేఖను పదిమంది ముందు పెడుతున్నాను.

మీ మేడ మీది గదిలో ప్రతి నెలా రెండో ఆదివారం తెలుగులో ఉచిత ఉపన్యాసం, ఆపైన చర్చ జరిగేవి. నదీజలాల తగాదా మొదలు హరికథ దాకా మాట్లాడుకున్నాం. 1952లో పొట్టి శ్రీరాములు గారు ఈ నగరంలోనే ఆంధ్ర రాష్ట్రం కోసం ప్రాణాలు విడిచిన సంగతిపై చర్చ చీకటి పడ్డా తెగలేదు.

మరమ్మతులని తాళం వేశారు. ఏడాదిగా తాపీమేస్త్రీ ఎవరూ ఆ మెట్లెక్కలేదు. ఎనభై దాటిన విశ్రాంత ఉపాధ్యాయులొకరు మాత్రం ఇప్పటికీ చేతిసంచిలో కళ్లజోడు, నోటుపుస్తకం పెట్టుకుని వచ్చి, కాసేపు మెట్ల మీద కూర్చుని వెళతారు.

వచ్చే నెల రెండో ఆదివారానికి గది తెరిపించండి. వీలుకాకపోతే కారణమూ, తెరిచే తేదీ రాతపూర్వకంగా తెలపండి. ఊడ్చుకోవడం మేమే చూసుకుంటాం.

ఇట్లు,
ఒక పాఠకుడు