ఆచంట పెద్దాయనకి, అందరికీ నమస్కారం

నాన్న రొయ్యల చెరువు లెక్క పైసాతో సహా కలిసింది. కళ్ళు మండిపోతున్నాయి, అయినా ఇది రాశాకే పడుకుంటాను.

నాన్న పోయాక ఆయన లెక్కలన్నీ పాత కంప్యూటర్లోనే ఉండిపోయాయి. ఆ ప్రోగ్రాము ఇప్పుడు దొరకదు. వాటిని, బ్యాంకు స్టేట్‌మెంటుని కలిపి గ్నూక్యాష్ అనే లెక్కల ప్రోగ్రాములోకి తెస్తే అంతా తారుమారు. వనామీ రొయ్యపిల్ల చెరువులో వదలకముందే మేత కొన్నట్టుంది. బ్యాంకులోంచి తీసిన డబ్బు రెండేసి సార్లు పడింది. అవతల వాటాదార్లు లెక్క చెప్పమంటున్నారు. నాన్న మీద మాట పడుతుందేమోనని అన్నం సయించలేదు.

పాలకొల్లులో కంప్యూటర్ షాపులో ఇదంతా చెప్పుకుంటుంటే, ప్రింటర్ ఇంకు కోసం వచ్చిన ఓ పెద్దాయన అడిగారు: "అమ్మా, 12 దాటిన తేదీలు బాగానే ఉన్నాయా?"

బాగానే ఉన్నాయి! బ్యాంకు ఫైలుని స్ప్రెడ్‌షీటులో తెరిస్తే అది అమెరికా వాళ్ళలా నెలని ముందు చదివింది. జులై 3న కొన్న మేత మార్చి 7కి పోయింది. 13వ నెల లేదు కాబట్టి ఆ పై తేదీలు కదల్లేదు.

ఆయన ఇరిగేషన్‌లో అకౌంట్స్ చూసి రిటైరయ్యారట. ఆచంట నుంచి బస్సెక్కి మా ఇంటికొచ్చారు. లెక్కల్ని ఒక ప్రోగ్రాము నుంచి ఇంకోదానికి తెచ్చే క్యూఐఎఫ్ ఫైళ్ళు ఖాతాకొకటి చొప్పున ఉంటాయి, బ్యాంకు నుంచి చేతికొచ్చిన సొమ్ము బ్యాంకు ఖాతాలోనూ, చేతి నగదు ఖాతాలోనూ రాసి ఉంటుంది. విడివిడిగా ఎక్కించకుండా అన్నీ ఒకేసారి ఇస్తే ఆ జంటల్ని ప్రోగ్రామే పట్టుకుంటుందని చూపించారు. తర్వాత నాన్న నోటుపుస్తకం పక్కన పెట్టుకుని పద్దు పద్దు సరిచూశారు. ఒకచోట ఆగి, "పాప ఫీజు అని మీ నాన్నగారు విడిగా రాసుకున్నారమ్మా. ఇతర ఖర్చుల్లో కలపను, విడిగానే ఉండనిద్దాం" అన్నారు.

ఆ పాపని నేనే. అక్కడే ఏడ్చేశాను. ఆయన తల దించుకుని తర్వాతి పద్దు చూసుకుంటూ కూర్చున్నారు. డబ్బులిస్తే ముట్టుకోలేదు, మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. బాబాయ్‌గారూ, మీ రుణం ఎలా తీర్చుకోను?

ఇక థాంక్స్ చెప్పాల్సినవాళ్ళలో మా ఆయన, తమ్ముడు, అమ్మ ఉండనే ఉన్నారు.

ఒక్కటి మాత్రం అడగాలి. బ్రాంచికి వెళ్తే యాప్‌లో చూసుకోమంటారు, యాప్‌లో పాత సంవత్సరాలు రావు. బతిమాలితే పీడీఎఫ్ ఇస్తారు. సీఎస్‌వీ (కామాలతో గడులు విడదీసే ఫైలు) ఇచ్చినా 1,25,000 అని కామాలతో ఇస్తే అది మూడు గడుల్లోకి విరిగిపోతుంది. మా డబ్బు లెక్క మాకు సరిగ్గా ఇవ్వడానికి ఇంత కష్టమా? పెద్ద చదువుల్లేని రైతులు ఏమైపోవాలి?

అయ్యో, పాత కంప్యూటర్ లేవకపోతే హార్డ్‌డిస్కు ఊడదీసి ఫైళ్ళు కాపీ చేసిచ్చిన షాపు కుర్రాడిని మర్చిపోయాను! థాంక్స్ తమ్ముడూ. గ్నూక్యాష్‌ని ఉచితంగా తయారుచేసి ఇస్తున్న వాళ్ళకీ. కరెంటు పోయిన రాత్రి ఇన్వర్టర్ వైరు లాగి ఇచ్చిన పక్కింటి పిన్నిగారికి కూడా.